మేనరికానికి అడ్డం పడిన మా పెద్దమ్మాయి

మా పుట్టింటివాళ్ళకు ఒంటి రంగు విషయంలో మహా టెక్కు. పాలిపోయిన మా ముఖాలను చూసుకుని అది వంశంలో వచ్చిన తెలుపని మురిసిపోయేవాళ్ళం. నీరసమొస్తే మునగాకు కూర, బెల్లం, ఐరన్ టానిక్. ఆ రంగు గడప దాటి పోకూడదనో ఏమో, అన్నీ మేనరికాలే. నన్నూ మేనత్త కొడుక్కే ఇచ్చారు.

పెద్దమ్మాయి పుట్టిన కొన్నాళ్ళకే ఆ తెలుపు బండారం బయటపడింది. పంజాగుట్ట డాక్టరు తలసేమియా అన్నాడు. రక్తంలో హిమోగ్లోబిన్ తయారీకి ఉండే రెండు జన్యువుల్లో మా ఆయనకూ నాకూ ఒకటి మంచిది, ఒకటి చెడ్డదట. ఒక్కటి మంచిదున్నా మనిషికి పెద్ద ఇబ్బంది లేదు, కాస్త పాలిపోతాడంతే. మా ఇద్దరి చెడ్డవీ పోయి పోయి దానికే చేరాయి. అప్పటి నుంచి నెల తిరగకముందే రక్తం ఎక్కించాలి. ఇప్పుడది అమీర్‌పేటలో కంప్యూటర్ క్లాసులు చెబుతోంది. రక్తం ఎక్కించుకున్న మర్నాడు కూడా క్లాసు మానదు. నేనైతే జలుబు చేస్తేనే మంచం దిగను. చిన్నమ్మాయి మాత్రం మాలాగే ఒక చెడ్డ జన్యువుతో సరిపెట్టుకుంది.

పోయినేడు ఎర్రమంజిల్‌లో ఉండే మా తమ్ముడు తన కొడుక్కి చిన్నదాన్ని అడగడానికి పూలూ పండ్లతో వచ్చాడు. పిల్లలిద్దరికీ ఇష్టమే. నేను కాఫీలు కలిపి తెచ్చేలోపే పెద్దది మాట అందుకుంది.

"మామా, ముందుగల్ల బావకు రక్త పరీక్ష చేయిద్దాం. చెల్లెకు ఉన్నదే బావకు సుత ఉంటే, రేపు పిల్లలకు నా లెక్కనే కావచ్చు."

తమ్ముడికి ఎక్కడలేని కోపం వచ్చింది. "పెండ్లి మాటల్ల గిదేంది? నీ లెక్కనే అయితే ఏమైతది? నువ్వు మంచిగ లేవా? నువ్వు పుట్టకుంటెనే బాగుండేదా?"

కాఫీల ట్రే బల్ల మీద పెట్టేశాను. పెద్దది మాత్రం చేతి మీది సూది మచ్చలు చూపిస్తూ నవ్వింది.

"పుట్టినందుకు నాకు మస్తు సంతోషం మామా. కానీ గీ సూది ఎట్లుంటదో నాకు తెలుసు. తెలిసి తెలిసి ఇంకో చిన్న చెయ్యికి ఎట్ల గుచ్చాలె?"

దాన్ని కన్నందుకు ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

మేనల్లుడు ఎవరితోనూ చెప్పకుండా పరీక్ష చేయించుకున్నాడు. వాడికీ ఉంది. బిడ్డ కడుపులో ఉండగానే పరీక్ష చేసే వీలుందని డాక్టరు చెప్పినా, ఆ భయం మోయలేమని వాడూ చిన్నదీ మాట్లాడుకుని సంబంధం వదులుకున్నారు. చిన్నది చాలా రోజులు ఏడ్చింది, అదీ అక్క ఒళ్ళోనే. తమ్ముడు మాతో మాటలు మానేశాడు. రాఖీ కట్టడానికి వెళ్తే ఇంట్లో లేనని చెప్పించాడు. బండేమో గేటు ముందే ఉంది.

మొన్న వాడే ఫోన్ చేశాడు.

"అక్కా, బేగంపేటల ఒక పిల్లను చూసినం. మావోడికి నచ్చింది. పిల్లకు రక్త పరీక్ష చేయించమంటె, మా పిల్లకేం రోగమని వాళ్ళు కోపానికొస్తున్నరు. నాకు చెప్పొస్తలేదు. జర నీ పెద్దబిడ్డను పంపియ్యవా?"

ఆ రోజు దానికి రక్తం ఎక్కించే రోజు. అయినా ఆస్పత్రి నుంచి నేరుగా బేగంపేటలో పిల్లవాళ్ళింటికి బయల్దేరింది, వెంట నేను. చేతికి అంటించిన దూది ఇంకా తీయనే లేదు. మేము లోపలికి అడుగు పెట్టగానే తమ్ముడు తన కుర్చీలోంచి లేచాడు. మేనకోడలిని అందులో కూర్చోబెట్టి పిల్లవాళ్ళ వైపు తిరిగాడు.

"మా ఇంటి పెద్ద గీమెనే. గీమె మాట అయినంకనే మా మాట."