అటకలో నిలబడి చూడమన్న సిస్టరమ్మ

మొన్న షుగర్ పరీక్షకు రక్తం ఇవ్వడానికి వెళ్తే, అక్కడి నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచి నా మోచేతి మడతలో రుద్దింది. ఆ చల్లదనం, ఆ ఘాటు వాసన తగలగానే సుగుణమ్మ సిస్టర్ పక్కన నిలబడినట్టు అనిపించింది. 'అనిపించింది' అన్న మాటను జాగ్రత్తగానే రాస్తున్నాను. పోయినవాళ్లు తిరిగి రారని ఏళ్ల తరబడి సభల్లో వాదించినవాణ్ణి. ఆమె రాలేదు. వాసన వచ్చింది, దాని వెంట జ్ఞాపకం వచ్చింది. ఆమె చీర కొంగుకు, చేతిసంచికి, ఆ సంచిలో చుట్ట చుట్టి పెట్టుకునే గుడ్డ టేపుకు ఎప్పుడూ ఇదే వాసన. ఉద్యోగం మానేసిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా అది ఆమెను వదల్లేదు.

భద్రాచలం నుంచి బస్సులో అరగంట ప్రయాణం చేస్తే, ఒకవైపు గోదావరి, ఇంకోవైపు అడవి మొదలయ్యే చోట మా ఊరు వస్తుంది. నేను పుట్టింది కుసుమంచి దగ్గర. బతుకుతెరువు వెతుక్కుంటూ ఇక్కడికొచ్చి, మండలాఫీసు ఎదురుగా టైపు మిషన్ పెట్టుకుని జనానికి అర్జీలు రాసిచ్చేవాణ్ణి. తీరిక దొరికితే మా హేతువాద మిత్రులతో కలిసి ఊళ్లు తిరిగేవాణ్ణి. గాల్లోంచి విభూతి తీసే బాబాల గుట్టు విప్పడం, చేతబడి చేసిందని ఒక ముసలామె మీద పడబోయిన గుంపును ఆపి గంటలకొద్దీ వాదించడం, ఆ వేడి చల్లారకముందే పత్రికకు వ్యాసం రాయడం. మాటతో దేన్నైనా గెలవగలనని గట్టిగా నమ్మిన వయసు అది. సుగుణమ్మ మా పక్కింటి ఆమె. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. ఊళ్లో అందరికీ సిస్టరమ్మ. ఆదివారం ఆమె బైబిలు పట్టుకుని చర్చికి బయల్దేరే వేళకు నేను కావాలనే గుమ్మంలో నిలబడి, నీళ్లు ద్రాక్షారసంగా ఎలా మారతాయో కాస్త వివరించమని అడిగేవాణ్ణి. ఆమె ఒక్కనాడూ కోపగించుకోలేదు. "వచ్చినంక చెప్త గానీ, నీ పొయ్యి మీద పాలు పొంగుతున్నయ్, చూసుకోపో" అనేది. వెళ్లి చూస్తే పాలు నిజంగానే పొంగుతుండేవి.

మా దిగువ కాలనీ ఇళ్లను చూడనివాళ్లకు అటకల సంగతి చెప్పాలి. ఇంటి కప్పు కింద దూలాల మీద వెదురు బొంగులు పరిచి, వాటిమీద చెక్కలు వేసి, ఒక నిచ్చెన ఆనిస్తే అదే అటక. గోదావరి మొదటి ప్రమాద హెచ్చరిక దాటిందని మైకులో చెప్పగానే బియ్యం, విత్తనాలు, పరుపులు, పిల్లల పుస్తకాలు, పెళ్లినాటి ఫోటో, అన్నీ అటక ఎక్కుతాయి. మనుషులు మాత్రం మిట్ట మీది బడికి వెళ్తారు. నీళ్లు తీశాక వచ్చి, ఒండ్రు ఎత్తిపోసి, సామాను దించుకుంటారు. ఏటా వానలు పడకముందే ప్రతి ఇల్లాలూ అటక చెక్కలు గట్టిగా ఉన్నాయో లేదో తట్టి చూసుకునేది. వరద ఊళ్లో అది ఇంటి పనుల్లో ఒకటి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ఒక ఎండాకాలం, పంచాయతీ ఇంటి పన్నులను మళ్లీ నిర్ణయించింది. కొలతలకు వచ్చిన గుమాస్తా ఏ ఇంట్లోకీ అడుగు పెట్టలేదు. సందులో నిలబడి, కప్పు కింద గాలి కోసం పెట్టుకున్న చిన్న కిటికీలను చూసి, అటక ఉన్న ప్రతి ఇంటినీ రెండంతస్తుల ఇల్లుగా రాసుకుపోయాడు. నోటీసులు వచ్చాయి. పన్ను రెట్టింపు దాటింది. నన్ను కుదిపేసింది మాత్రం ఆ తర్వాత జరిగిన సంగతి. కాలనీలో ఎవరూ నోరెత్తలేదు. మా వైపు చాలా ఇళ్లకు ఇంటి పన్ను రసీదు తప్ప మరో కాగితం లేదు. పన్ను తప్పని అడగబోతే అసలు ఈ ఇల్లు నీదనడానికి కాగితమేదని అడుగుతారేమోనని వాళ్ల భయం. అందుకని తమకు తోచిన దారి వెతుక్కున్నారు. అటకలు విప్పడం మొదలుపెట్టారు.

మూడిళ్ల అవతల ముత్తమ్మ ఉండేది. కోయ మనిషి. భర్త పోయాక కూతురితో ఉంటూ, అడవిలో ఇప్పపువ్వు, చింతపండు ఏరుకుని, ఎకరం చేను చేసుకుని బతికేది. ఒక పొద్దున ఆమె అటక చెక్కలు ఒక్కొక్కటే పీకి కిందికి జారవిడుస్తుంటే చూసి, వానలు నెలరోజుల్లో ఉన్నాయి కదా, ఏం చేస్తున్నావని అడిగాను. "అంతస్తు తీసేస్తున్న సారూ. లేని అంతస్తుకు యాడికెళ్లి తెచ్చి కట్టాలె?" అంది. మరి విత్తనాలో అంటే, ఆమె ఇంకో చెక్క మేకు మీద సుత్తితో కొట్టింది.

ఆ రోజే అర్జీ టైపు చేశాను. నా జీవితంలో అంత ఆవేశంగా రాసింది లేదు. కళ్లున్నా చూడని యంత్రాంగాన్ని దులిపేశాను. గోదావరి ఉగ్రరూపం వర్ణించాను. "వారం రోజుల పాటు ఊరు ఊరంతా ఈ అటకల మీదే వండుకుని, తిని, నిద్రించి ప్రాణాలు దక్కించుకుంటుంది. ఈ అటకలే మా ఆవాసాలు" అని ముగించాను. సందులో నిలబడి చదివి వినిపిస్తే ఇద్దరు ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. సంతకాలు, వేలిముద్రలు తీసుకుని నేనే వెళ్లి పంచాయతీ కార్యదర్శి చేతికిచ్చాను. ఆయన చెడ్డవాడు కాదు. శ్రద్ధగా చదివాడు. చివరి వాక్యం దగ్గర ఆగి, దాని కింద పెన్సిలుతో గీత గీశాడు. వారం రోజులు వండుకుని తిని పడుకునే చోటును నివాసం అంటారని, అది పై అంతస్తని మీరే ఒప్పుకుని సంతకాలు కూడా పెట్టించారని, ఇక తాను చేయగలిగింది లేదని చెప్పాడు.

తలవంచుకుని ఇంటికొచ్చాను. సుగుణమ్మ అంతకుముందు వారంలో ఖమ్మంలో చెల్లెలింటికి వెళ్లి, ఆ మధ్యాహ్నమే బస్సు దిగింది. సంగతి తెలిసి అర్జీ నకలు అడిగింది. కళ్లజోడు పెట్టుకుని, మందు సీసా మీది చీటీ చదివినట్టు మెల్లగా చదివింది.

"వారం రోజులు అటుక మీద ఎవరున్నరు భాస్కర్?"

నేను ఆ వాక్యంలోని భావం గురించి ఏదో చెప్పబోయాను.

"భావం అడగలే. ఎవరున్నరు? పోయిన వరదకు నువ్వు నేను బడిల ఒక్క తడికెకే ఆనుకొని కూసున్నం. నీ దుప్పటి తడిస్తే నాది ఇచ్చిన. అటుక మీద మనుషులెవరు?"

ఎవరూ లేరన్నాను.

"మరి చూడంది ఎట్ల రాసినవ్? దేవుని సంగతి వస్తే రుజువేదంటవ్, సాక్షి ఎవరంటవ్. ముత్తమ్మ అటుక సంగతికి అవేవీ అక్కర్లేదా?"

నన్ను ఎన్నో సభల్లో ఎందరో పండితులు ఎదిరించారు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. అతిశయోక్తిని నేను అబద్ధంగా లెక్కపెట్టేవాణ్ణి కాను. మంచి పక్షాన ఉన్నప్పుడు కాస్త పెంచి చెప్పడం రచయిత హక్కనుకునేవాణ్ణి. బాబా చేతిలో విభూతి ఎక్కడిదని అడిగినవాణ్ణి, నా వాక్యంలో వారం రోజులు ఎక్కడివని నన్ను నేను అడగలేదు.

ఆమె అంతకుమించి దెప్పలేదు. నోటీసు వెనక్కి తిప్పమంది. అక్కడ సన్నటి అక్షరాల్లో, అభ్యంతరం ఉంటే నోటీసు అందిన నాటి నుంచి గడువులోగా రాసివ్వాలని ఉంది. నేను ముందువైపు చదివి మండిపడ్డానే తప్ప వెనుక చూడలేదు. ఆమె మాత్రం ఖమ్మం బయల్దేరకముందు, తన నోటీసు తీసుకున్న రోజే, దాని మూల మీద తారీఖు, వేళ రాసి, తెచ్చినవాడి సంతకం పెట్టించుకుంది. ఆసుపత్రి అలవాటు. మందు ఇచ్చి చార్టులో వేళ రాయకపోతే ఇవ్వనట్టేనని కొత్త నర్సులకు నేర్పిన మనిషి. గడువుకు ఇంకా ఆరు రోజులున్నాయని లెక్క తేలింది. ముందు అందరినీ పాత పన్ను కట్టేసి రసీదులు తెచ్చుకోమంది. తగువు పెరిగిన భాగం మీదే కదా, పాతది ఆపితే మాట పన్ను ఎగవేత మీదికి మళ్లుతుందని ఆమె వివరణ. రసీదు కొత్తది చేతిలో పడేసరికి కాగితాల భయం ఉన్నవాళ్లకు కూడా కాస్త ధైర్యం వచ్చింది. తర్వాత ఎవరి ఇంటి గురించి రిజిస్టరులో ఏం రాశారో నకలు ఇమ్మని అడిగించింది. ఆ నకళ్లలో అందరి ఇళ్లకూ ఒకే కొలత ఉంది. ముత్తమ్మ గుడిసెకూ, నా రెండు గదుల ఇంటికీ అదే పొడవు, అదే వెడల్పు.

అప్పుడు ఆమె సంచిలోంచి టేపు తీసింది. గర్భిణుల పొట్టలు, పుట్టిన పిల్లల తలలు కొలిచిన టేపు. అంచులు చివికిపోయి, అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. ముప్పై ఒక్క ఇళ్లు కొలిచాం. పొట్టి టేపు కాబట్టి గోడ పొడవునా సుద్దముక్కతో గుర్తుపెట్టుకుంటూ జరగాలి. నేను టేపు పట్టుకోవడం, ఆమె రాయడం. అటక మీద చెక్క నుంచి కప్పు నడిమి దూలం వరకు ఎత్తు, నిచ్చెనా మెట్లా, గోడలున్నాయా, పొయ్యి ఉందా, పైన ఏముంది. ప్రతి ఇంటికీ ఒక కాగితం. ఆ కాగితాల్లో ఒక్క విశేషణం లేదు. "ముత్తమ్మ ఇల్లు. అటక ఎత్తు మూడడుగుల నాలుగంగుళాలు. నిచ్చెన. పొయ్యి లేదు. సగం చెక్కలు తీసి ఉన్నవి. విత్తనాల కుండలు రెండు." అంతే. ముత్తమ్మకు మాత్రం మిగతా చెక్కలు ముట్టవద్దని చెప్పి వచ్చింది. "వాళ్లొచ్చి చూసేదాకా ఉంచవే. లేని అటుకను ఏం చూపిస్తం?"

ఆఖరున సుగుణమ్మ ఇల్లే మిగిలింది. ఆమె భర్త యోహాను వడ్రంగి. తన పనిముట్ల కోసం పైన కాస్త ఎత్తుగా గది లేపి, చెక్క మెట్లు కట్టి పోయాడు. టేపు పట్టి చూస్తే ఆరడుగుల పైన తేలింది. నేను టేపు వదిలేసి, సిస్టరమ్మా, ఇది ఈ జాబితాలో వద్దు, మీది ఎవరూ అడగరన్నాను. ఆమె కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది.

"పైన నేను నిలబడి దండెం మీద బట్టలు ఆరేసుకుంటనా లేదా?"

ఆరేసుకుంటారన్నాను.

"మరి రాయి. ఆరడుగుల రెండంగుళాలు. మెట్లు."

అభ్యంతరాలు ఇవ్వడానికి వెళ్లిన రోజు ఆఫీసు గేటు దగ్గర ఆమె ఒక్క నిమిషం కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. నేను నవ్వాను. "నువ్వు నవ్వు, ఏంగాదు. నీకు దేవుడు లేడు సరే, నకళ్లు ఉన్నయా?" అంది. ఉన్నాయి. వాటి మీద ముద్ర, సంతకం, తారీఖు వేయించుకునేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.

కార్యదర్శి తనిఖీకి వచ్చాడు. మొదట ముత్తమ్మ ఇల్లు. నిచ్చెన ఎక్కి, మోకాళ్ల మీద లోపలికి పాకాడు. కింద సందంతా జనం. సుగుణమ్మ నోటుబుక్కు తెరిచి తల పైకెత్తింది.

"సార్, ఒక్కసారి లేచి నిలబడండి."

పైన ఏదో తగిలిన చప్పుడైంది. "మెల్లగ సారూ, అవి నా విత్తనాలు" అంది ముత్తమ్మ. నిలబడలేకపోతున్నానని పైనుంచి వినిపించింది. "ఎంత వరకు లేచిన్రో చెప్పండి సార్, రాసుకుంట" అని సుగుణమ్మ. జనం నవ్వారు. వెంట్రుకలకు బూజు పట్టుకుని దిగిన కార్యదర్శీ నవ్వాడు. ఇంకో మూడిళ్లు చూసి, జాబితా చదువుతూ ఒకచోట ఆగాడు. ఆరడుగుల రెండంగుళాలు, ఇది ఎవరిదని అడిగాడు.

"నాదే సార్."

"ఇది అంతస్తే అవుతుందమ్మా. మీకు పన్ను తగ్గదు."

"అవ్ సార్. అందుకే రాసిన."

ఆయన ఇక మిగతా ఇళ్లు ఎక్కి చూడలేదు. ఆమె కొలతల పక్కనే వరసగా సంతకాలు పెట్టుకుంటూ పోయాడు. సవరించిన ఉత్తర్వు పది రోజుల్లో వచ్చింది. ముప్పై ఇళ్లకు అంతస్తు తీసేశారు. ముప్పై ఒకటో ఇంటికి అలాగే ఉంచారు. ఆమె ఆ పన్ను చివరిదాకా కట్టింది.

ఒక్క విషయంలో నేటికీ ఆమెతో ఏకీభవించను. రోడ్డు పక్కన ఒక పెద్దమనిషి కట్టుకున్న నిజమైన రెండంతస్తుల మేడ రిజిస్టరులో ఒకే అంతస్తుగా ఉందని నకళ్లు తీసేటప్పుడే నా కంటపడింది. దాన్నీ రాద్దామంటే, పక్క మంచం రోగి చార్టు తర్వాత చూద్దాం, ముందు మన మంచం అంది. ఆ 'తర్వాత' రాలేదు. రాయాల్సిందే అంటాను. కానీ రాస్తే, ముందుగా ఆ మేడ మెట్లు లెక్కపెట్టి రాస్తాను.

ముత్తమ్మ ఊడదీసిన చెక్కలు మళ్లీ వేసుకుంది. మేకులు నేనే కొట్టాను, రెండు వంకరపోయాయి. ఆ ఏడు గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటింది. అందరం బడిలో ఉన్నాం. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే ముత్తమ్మ ఇంటి గోడ మీద బురద గీత అటకకు జానెడు కింద ఆగింది. ముత్తమ్మ కుండలో చెయ్యి పెట్టి పిడికెడు జొన్నలు తీసి, సుగుణమ్మ అరచేతిలో పోసింది. పొడిగా గలగలమన్నాయి.

సుగుణమ్మ పోయాక చెల్లెలు వచ్చి ఇల్లు సర్దుతూ, ఇది మీకివ్వమందని ఆ టేపు నా చేతిలో పెట్టింది. ఇప్పటికీ పన్ను నోటీసు పట్టుకుని ఎవరైనా వస్తే, ముందు దాన్ని వెనక్కి తిప్పమంటాను, తర్వాత టేపిస్తాను.

రక్తం ఇచ్చి ఇంటికొచ్చి, సగంలో ఆపిన వ్యాసం ముందు కూర్చున్నాను. కరకట్ట పనుల మీద రాస్తున్నది. "ఊరు ఊరంతా భయంతో వణుకుతోంది" అన్న వాక్యం దగ్గర ఆగింది. నేను నిజంగా వెళ్లి మాట్లాడింది పదకొండు ఇళ్లతో. ఆ వాక్యం కొట్టేసి, పదకొండు పేర్లు రాశాను. ఇంకా మాట్లాడాల్సిన ఇళ్లు చాలా ఉన్నాయి. చెప్పులు వేసుకున్నాను.