సోమవారం సాక్ష్యాన్ని పట్టిన మున్షీ సాబ్

గద్వాలలో అర్జీలు రాసే మున్షీ సాబ్ పోయారని మొన్న రైలు దిగి వచ్చిన బీడీల వ్యాపారి చెప్పాడు. నేను వెళ్లేసరికి మట్టి చేసి మూడో రోజు. ఆయన ముందర పెట్టుకుని రాసే చెక్కపెట్టె మీద కోడి ఒకటి నిలబడి ఉంది. ఆయనే ఉంటే దాన్ని ఉర్దూలో తిట్టేవారు. కోళ్లను తిట్టడానికి తెలుగు చాలదని ఆయన అభిప్రాయం.

పోయిన మనిషిని తలుచుకునేటప్పుడు నెమ్మది మాటలు రాయాలంటారు. నా దగ్గర అవి తక్కువ. మున్షీ సాబ్‌ను తలిస్తే వెంటనే మా ఊరి పటేలు కూడా గుర్తొస్తాడు. వాడి మీద కోపం ఇన్నేండ్లైనా చల్లారలేదు. చల్లార్చుకోవాలని కూడా నాకు లేదు.

మాది ఇటిక్యాల దాపున ఒక పల్లె. పటేలు ఇంట్లో పెండ్లికి వెట్టి బండి కట్టమంటే మా తమ్ముడు కట్టనన్నాడు. పదిమందిలో అన్నాడు. నెల తిరగకముందే పటేలు గడ్డివాము తగలబడింది. తమ్ముడే అంటించాడని కేసు. పక్క చేనులో ఎద్దులతో గుంటుక తోలుతూ కళ్లారా చూశానని పటేలు జీతగాడు సాక్ష్యం చెప్పాడు. కింది అదాలతు మూడేండ్ల శిక్ష వేసింది. తమ్ముణ్ణి తీసుకుపోతుంటే పటేలు నా పక్కకొచ్చి, "ఇగ బండి ఎవడు కడ్తడ్రా మీ ఇంట్ల?" అన్నాడు.

మర్నాడు పటేలు గద్వాలకు వస్తాడని తెలిసి, నేనూ సంచి భుజాన వేసుకుని పోయాను. సంచిలోంచి కర్ర ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. అది అదాలతు ముందు చాప పరుచుకుని అర్జీలు రాస్తున్న మున్షీ సాబ్ కంట పడింది.

"ఏందది?"

"గొడ్డలి. కట్టెలు కొట్టేటందుకు."

"అదాలతు ముంగట కట్టెలేడున్నయి పిచ్చోడా? ఇటియ్యి."

గొడ్డలి గుంజుకుని తన చాప కింద పెట్టి దాని మీదే కూర్చున్నారు. గుచ్చుకున్నట్టుంది, జర పక్కకు జరిగారు. "గొడ్డలి దెబ్బ వాడొక్కనికే తగుల్తది. తీర్పు నకలు వాని మనుమలు గూడ సదువుకుంటరు. పో, దరఖాస్తు పెట్టు. సాక్ష్యాలు, తీర్పు, అన్నింటి నకళ్లు గావాలె."

నకళ్లు చేతికి వచ్చాయి, అన్నీ ఉర్దూలో. నేను దుకాణాల పొట్లాల కాగితాలు చూసి తెలుగు నేర్చుకున్నవాణ్ణి. ఒక్కోసారి పొట్లం సగంలో చిరిగిపోయి కథ ఆగిపోయేది, మిగతాది నేనే కల్పించుకునేవాణ్ణి. నాకున్న ఈ కథలు రాసే రోగమంతా అక్కడ మొదలైందే. ఆ సంగతి పక్కన పెడదాం. మున్షీ సాబ్ చదివి తెలుగులో చెప్పేవారు. జీతగాడి మాటలను జీతగాడిలా, పటేలు మాటలను పటేలులా దగ్గుతూ. మూడోనాడు చదువుతూ చదువుతూ దగ్గు మధ్యలోనే ఆపేశారు.

"వాము కాలింది ఏ వారం?"

"సోమారం."

"వాము కాల్తుంటె నీ ఎనిమిదిమంది జీతగాండ్లు ఏడున్నరని మీ వకీలు పటేలును అడిగిండు. పటేలు ఏమన్నడో ఇను. సోమారం మా ఊర్లె ఎద్దు మెడ మీద కాడి పెట్టం, అందరు ఇండ్లకాడనే ఉండిరి అన్నడు. మరి ఈ జీతగాడు సోమారం గుంటుక ఎట్ల తోలిండు?"

పుట్టినప్పటి నుంచి నేనూ సోమవారం కాడి కట్టనివాణ్ణే. రెండు సాక్ష్యాలు చెప్పినప్పుడూ అదాలతులో కూర్చున్నాను. ఒకటి ఒక వాయిదాకు, ఇంకొకటి నెల తర్వాతి వాయిదాకు. నాకు తట్టలేదు. పట్నం నుంచి వచ్చిన జడ్జికి ఎద్దుల సెలవు సంగతేం తెలుసు?

"మీకు గూడ ఈ రివాజు ఎరికేనా సాబ్?"

"మా నాయినకు రెండెడ్లుండె. సోమారం మేం గూడ కట్టకపోదుము. ఎద్దుకు మతమేంది?"

పై అదాలతు కోసం పెట్టుకున్న హైదరాబాదు వకీలు మాత్రం వేరే దారి చెప్పాడు. శిక్ష తగ్గించమని మాత్రమే అడగండి, ఏడాదికి దిగొచ్చు. తీర్పే తప్పని ఎదురు తిరిగితే సర్కారు తరఫు వాళ్లు శిక్ష పెంచమని అడిగినా అడుగుతారు, పై అదాలతుకు ఆ అధికారం కూడా ఉంది అన్నాడు. ఆ మాట విని మా మరదలు అడ్డం పడింది.

"ఏడాదైతె ఏడాదే బావా. మనిషి ఇంటికొస్తే చాలు."

మున్షీ సాబ్ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "బిడ్డా, శిక్ష తగ్గించుమంటే, అంటించిన మాట నిజమే, జర దయ సూపుండ్రి అన్నట్టు. ఏడాదికి నీ పెనిమిటి ఇంటికొస్తడు. వాము అంటించినోడన్న పేరు గూడ ఎంబడే వస్తది. పై అదాలతు మనుషుల ముఖం సూడదు, కొత్త సాక్షిని పిలవదు. కాయితం సూస్తది. కాయితంల పటేలే మన సాక్షి. ఇగ నువ్వు చెప్పు, ఏం రాయాలె?"

ఆమె చీర కొంగు నడుముకు దోపుకుంది. "తీర్పే తప్పని రాయుండ్రి," అంది. "వాడు మమ్మల్ని కొంపలంటించేటోళ్లన్నడు."

రాశారు. శిక్ష తగ్గించమన్న మాట ఒక్కటి కూడా లేకుండా రాశారు. ఏడు నెలలు ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. పెంచుతారేమోనని మరదలు, మమ్మల్ని నమ్మి ఆమె చెడిపోయిందేమోనని నేను. మున్షీ సాబ్ కూడా ఆ ఏడు నెలలూ కోళ్లను తిట్టలేదు.

పై అదాలతు రెండు సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టి చదివింది. రెండూ నిజం కాలేవు, కళ్లారా చూశానన్న ఒక్క సాక్షీ నమ్మదగినవాడు కాడు, కేసు పగతో కట్టించినట్టు కనబడుతోంది అని రాసి శిక్ష కొట్టేసింది.

తమ్ముడు వచ్చిన వారానికి మున్షీ సాబ్ పిలవకుండానే మా ఊరికి బండిలో దిగారు, నకలు చంకన పెట్టుకుని. నేరుగా చావడికి నడిచారు. ఊరంతా వెనక. పటేలుకు ఉర్దూ రాదు. కరణం వైపు చూశాడు. "అద్దాలు ఇంటికాడ మర్సిన పటేలా," అన్నాడు కరణం, ముక్కు మీద అద్దాలు పెట్టుకునే.

"ఫికర్ లేదు, నేనున్నగద," అని మున్షీ సాబ్ మొదలుపెట్టారు. ఒక్కో వాక్యం ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో. నమ్మదగినవాడు కాడు అన్న చోట, వెనక ఉన్న ముసలోళ్లకు వినబడలేదేమోనని మళ్లీ చదివారు. పగతో అన్న చోట మూడుసార్లు. నేను పటేలు ముఖమే చూస్తూ నిలబడ్డాను. అంత తృప్తిగా నేను పెండ్లి భోజనం కూడా తినలేదు.

"చాలు తియ్యి సాబ్, ఎండ ముదురుతుంది," అని పటేలు లేవబోయాడు.

"కూసోండి పటేల్ సాబ్. సర్కారు తీర్పు సదువుతుంటే నడిమిట్ల లేస్తరా?"

పటేలు కూర్చున్నాడు. మున్షీ సాబ్ వేలు నాలుకకు తడుపుకుని, తొందర లేకుండా, తర్వాతి పుట తిప్పారు.