తొక్క ఎవరి వంతు

మా ఇంట్లో పచ్చివి తినేవాళ్ళం కాదు. కూరగాయ ఏదైనా నూనెలో వేగి, మూత కింద మెత్తబడితే గాని కంచంలోకి వచ్చేది కాదు. పండయితే తొక్క తీసి, గింజ తీసి, ముక్కలు కోసి వెండి గిన్నెలో పెట్టేవారు. తొక్కలూ తొడిమలూ గంపలో పడేవి. ఆ గంప పశువుల కొట్టానికి పోయేది.

ఇది రుచికి సంబంధించిన సంగతి కాదు, అంతస్తుకు సంబంధించినది. నాందేడు జిల్లా బిలోలి తాలూకాలో, మంజీర ఒడ్డున మాకు అప్పట్లో ఉన్న పొలాల్లో పనిచేసేవాళ్ళు మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని జొన్నరొట్టెలోకి పచ్చి మెంతికూర, పిడికిటితో పగలగొట్టిన ఉల్లిగడ్డ తినేవారు. ఏడెనిమిదేళ్ళ వయసులో ఒకరోజు నేనూ వాళ్ళ మధ్య కూర్చున్నాను. ఒకావిడ లేత మెంతాకు తుంచి, పల్లీల పొడి, ఉప్పు, కారం కలిపి నా రొట్టె మీద పెట్టింది. దాన్ని ఘోళాణా అంటారు. ఆ చేదూ, పంటి కింద ఆ కరకరా ఇప్పటికీ గుర్తున్నాయి. ఇంటికి వచ్చాక నాయనమ్మ నా నోటి వాసన పట్టి, బావి దగ్గర నిలబెట్టి మూడుసార్లు పుక్కిలింపించింది.

"పచ్చిది పశువు తింటది, వండింది మనిషి తింటడు. నువ్వేందో తేల్చుకో," అన్నది.

నేను తేల్చుకున్నాను. ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా పచ్చి ఆకు ముట్టలేదు.

పొలాలు పోయాయి. ఎలా పోయాయో చెప్పడం నాకు ఇష్టం లేదు. నాందేడులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు రెండు గదుల ఇంట్లో నేనూ నా భార్యా ఉంటున్నాం. నాన్నగారి నుంచి నాకు వచ్చినవి ఒక వెండి గ్లాసు, నిటారుగా కూర్చునే అలవాటు, చక్కెర జబ్బు.

ఆయనకు ఆ జబ్బు కాలిదాకా వచ్చిన సంగతి కుడి మడమ మీద పగులుతో తెలిసింది. చెప్పులు కరిచాయనుకున్నాం. చివరికి మోకాలి కింద కాలు తీసేశారు. ఇంటికి వచ్చినవాళ్ళను లేచి పలకరించలేనని, ఆ తర్వాత ఆయన ఎవరినీ రానివ్వలేదు. అందుకే పోయిన వానాకాలం చివర నా ఎడమ మడమ మీద పగులు కనిపించినప్పుడు రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. అది మానలేదు.

డాక్టరు చిన్నవాడు. మరాఠీలో మాట్లాడతాడు, బాబాయి అన్నట్టు నన్ను కాకా అంటాడు. రక్త పరీక్ష కాగితం చూశాడు, మడమ చూశాడు, నా కంచంలో ఏముంటుందో అడిగాడు.

"మాత్రలు సరే. తిండి అంతా మెత్తన, అన్నం ఎక్కువ, నూనె ఎక్కువ. రోజూ పచ్చి కూరగాయలు తినండి కాకా, కాస్త పండు తినండి. నమిలి తింటే కడుపు తొందరగా నిండుతుంది. వాటిలోని పీచు వల్ల చక్కెర రక్తంలోకి మెల్లగా చేరుతుంది. అన్నం తగ్గించండి, మాత్రలు మానకండి, పుండుకు కట్టు కట్టించుకుంటూ ఉండండి. మూడు నెలలు చూద్దాం. తగ్గకపోతే ఇన్సులిన్ సూది మొదలుపెట్టాలి. ఈ మడమకు అంతకంటే ఎక్కువ గడువు ఇవ్వలేను."

తినమన్నాడు కాబట్టి తిన్నాను. అయితే మా పద్ధతిలో తిన్నాను. నా భార్య మేం గాజరగడ్డలనే క్యారెట్లు, బత్తాయిలు మిక్సీలో తిప్పి, పలుచని బట్టలో పిండి, ఆ రసం వెండి గ్లాసులో పోసి ఇచ్చేది. కీరదోసకాయ తొక్క మందంగా చెక్కి, గింజలు తీసి, పెరుగు, చిటికెడు చక్కెర, పైన నేతి పోపు.

"పోపు లేకుంట మీ ముంగట పెట్టుడు నాకు మనసొప్పదు," అనేది.

నాకూ ఒప్పలేదు. తొక్కలూ పిప్పీ గంపలో పడేవి. కొట్టం లేదు గనుక రోజూ మా గేటు దగ్గరికి వచ్చే వీధి ఆవుకు వేసేవాళ్ళం. అది వేళ తప్పకుండా వచ్చేది.

ఆరు వారాలకు మళ్ళీ రక్తం ఇచ్చాను. చక్కెర పెరిగింది. మడమ పగులు ఇంకాస్త తెరుచుకుంది.

ఏం తింటున్నానో డాక్టరు అడిగితే అంతా వివరంగా చెప్పాను. బట్టలో వడగట్టడం గురించి కొంచెం గర్వంగానే చెప్పాను. అతను కలం కింద పెట్టాడు.

"పిప్పి ఏం చేశారు?"

"ఆవుకు వేశాం."

"తొక్కలు?"

"ఆవుకే."

"ఆవు బాగుందా కాకా?"

"బాగుంది."

"ఉంటుంది. మందు అది తింటోంది, తియ్యనీళ్ళు మీరు తాగుతున్నారు."

నాకు నవ్వు రాలేదు. గడువులో సగం అయిపోయింది.

మా వీధికి రోజూ ఒకావిడ కూరగాయల బండి తోసుకు వస్తుంది. మా ఊరి పక్క ఊరు ఆమెది. ఆమె అత్త మా పొలాల్లో పనిచేసింది. అందరితో మరాఠీ, మాతో తెలుగు. మా ఇంటి మగవాళ్ళు బండి దగ్గర నిలబడి కూరగాయలు కొన్న ఆచారం లేదు. మర్నాడు నేనే గేటు దాటి వెళ్ళాను.

"ఏంది పటేలా, మీరచ్చిండ్రు? అమ్మకు పానం మంచిగ లేదా?"

"ఆమెకు మంచిగనే ఉన్నది. నాకే లేదు," అని సంగతి చెప్పాను.

మెంతి కట్టలు సర్దుతూ విన్నది. "గదా సంగతి. గా ఆవు ఇంతకు ముందు నా బండి మీద పడుతుండె. కట్టె పట్టుకొని కొట్లాడేదాన్ని. ఇప్పుడు నా మెంతి దిక్కు సుత సూస్తలేదు. ఏమైందబ్బా అనుకున్న. మీ ఇంట్ల దావత్ నడుస్తున్నదన్నట్టు."

"పచ్చియి ఎట్ల తినాలె?" అని అడిగాను. వీధిలో ఎవరూ లేరని చూసుకునే ఆ మాట అన్నాను.

"తినుడు గూడ నేర్పాల్నా? కడుగుండ్రి, కొరుకుండ్రి, నములుండ్రి. గంతే." తూకం రాళ్ళు పక్కకు జరిపి, "మా అత్త చెప్తుండె," అన్నది. "చిన్నప్పుడు గట్టు మీద కూసొని ఆమె చేతి ఘోళాణా తిన్నరట. ఇంకింత పెట్టు అన్నరట. మల్ల పిల్లగాడు రానే లేదు, కారం ఎక్కువేసిన్నా ఏందని అనుకునేది పాపం."

కారం సరిగ్గానే ఉందని చెప్పాలనుకున్నాను. ఆమె ఒక లేత కట్ట ఏరి నా చేతిలో పెట్టింది.

"ఉప్పునీళ్ళల్ల మంచిగ కడుగుండ్రి. పోపు గీపు పెట్టకుండ్రి."

ఆ మధ్యాహ్నం నా భార్య ఆకు తుంచి పల్లీల పొడి కలిపింది. పొయ్యి వెలిగించకుండా కంచం పెట్టడం తనకు పుట్టెడు కష్టంగా ఉన్నట్టు మొహం పెట్టింది. మొదటి ముద్దకే గట్టు, ఎండ, ఆ చేదు అన్నీ వచ్చాయి.

అలవాటు కావడం తేలిక కాలేదు. మొదటి వారం కడుపు ఉబ్బరించింది. కొంచెం తగ్గించి, మెల్లగా పెంచాను. దవడలు నొప్పి పెట్టేవి. అన్నానికి ముందు ఒక గాజరగడ్డ, ఒక కీర నమిలేసరికి సగం ఆకలి తీరేది. నేను పనిగట్టుకుని తగ్గించకుండానే అన్నం తగ్గింది. జామపండు తొక్కతోనే కొరకడం నేర్చుకున్నాను. ఏళ్ళ తరబడి వేధించిన మలబద్ధకం వదిలింది. "ఆవు లెక్క నములుతున్నరు," అని నా భార్య నవ్వేది. కొన్నాళ్ళకు ఆమె కంచంలోనూ ముల్లంగి ముక్కలు కనిపించాయి.

మూడు నెలలు నిండాక డాక్టరు కాగితం రెండుసార్లు చదివాడు.

"సూది ఇప్పుడు అక్కర్లేదు. ఒక్క ఆకు వల్లే అనుకోకండి కాకా. మాత్రలు, కట్టు, అన్నం తగ్గడం అన్నీ కలిసి పనిచేశాయి. ఏదీ ఆపకండి."

తర్వాత కళ్ళు మూసుకోమని, కాలిలో స్పర్శ ఉందో లేదో చూడడానికి ఒక సన్నని తీగతో అరికాలు తాకుతూ అడిగాడు. "తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

మడమ మీద, పగులు పూడినచోట తాకాడు. "ఇక్కడ?"

"తెలుస్తోంది."

నాన్నగారిని ఇలాగే అడిగిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఆయన నిటారుగా కూర్చుని గోడవైపు చూశారు, జవాబు చెప్పలేదు.

తిరిగి వస్తుంటే మా వీధి మొదట్లోనే బండి కనిపించింది. నేను అడగకుండానే బండి ఆవిడ ఒక కీర తీసి, అందరికీ చేసినట్టే చెక్కబోయింది.

"తొక్క ఉండనియ్యి," అన్నాను.

"మరి ఆవుకేం పెడ్తరు?"

"దానికి ఇంకోటియ్యి."

ఆమె నవ్వి రెండు కాయలు కడిగి ఇచ్చింది. వీధిలో నిలబడి తినడం మా ఇంట్లో ఎప్పుడూ లేదు. రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నాను కాబట్టి అక్కడే తిన్నాను.