ఆఖరి పేజీలో మా తోట

ఐదేళ్లపాటు నా ఉద్యోగం ఒక ఫ్రెంచి కుటుంబం కథ చెప్పడం. సౌదీలోని అల్ ఖోబర్‌లో పానీయాలు దిగుమతి చేసే ఒక కంపెనీలో సేల్స్‌మన్‌ని. ఫ్రాన్సు దక్షిణాన ఉన్న ఒక ద్రాక్ష ఎస్టేటు నుంచి మాకు సీసాలు వచ్చేవి. చూడటానికి అచ్చం వైన్ సీసాలే. కార్కు, మెడకు బంగారు కాగితం, చీటీ మీద పాత బంగళా బొమ్మ. లోపల ఉండేది మాత్రం ద్రాక్ష పిండి, పులియనివ్వకుండా బుడగలు ఎక్కించిన రసం. మద్యం నిషేధమున్న గల్ఫ్ దేశాల కోసం ఆ కుటుంబం దాన్ని వేరుగా చేసేది. నేను హోటళ్లకూ రెస్టారెంట్లకూ వెళ్లి సీసా తెరిచి, గ్లాసుల్లో పోసి, వాళ్ల ఐదు తరాల చరిత్ర చెప్పాలి. వైన్ అనే మాట మాత్రం నోట రాకూడదని మేనేజరు ఆజ్ఞ.

ఆ కథ నాకు కంఠతా వచ్చు. మొదటి తరం పెద్దాయన ఆ నేల కొనేనాటికి, వేళ్లను తినే ఒక పురుగు ఆ దేశపు తోటలన్నిటినీ ఎండబెట్టింది. ఆయన అమెరికా నుంచి వచ్చిన మొండి తీగల వేళ్ల మీద తన కొమ్మలు అంటుకట్టి మళ్లీ మొదలుపెట్టాడు. యుద్ధానికి మగవాళ్లు వెళ్లిపోతే ఆయన కోడలు గుర్రాన్ని కట్టి తనే దున్నింది. గుట్ట మీద రాళ్ల నేలలో కాసిన పండుతో ఎర్ర వైన్, వాగు పక్క ఒండ్రులో కాసినదానితో తెల్లది. ఎర్రదాన్ని పీపాల్లో ఏళ్ల తరబడి నిలవ ఉంచుతారు. తెల్లది ఏ ఏటిది ఆ ఏడే తాగాలి. ఈ చివరి సంగతులు ఫ్రాన్సులో వేసిన పుస్తకంలో ఉండేవి, మా దగ్గర పంచే బుక్‌లెట్‌లో తీసేశారు. నేను రెండూ చదివాను. ఆ ఎర్రదీ తెల్లదీ రుచి ఎలా ఉంటాయో ఇప్పటికీ తెలియదు.

మాకూ ద్రాక్షతోట ఉండేది. ఆ సంగతి కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. మేడ్చల్ అవతల ఆరెకరాలు, నిలువు రాతి కడీల మీద తీగ పందిరి, అనాబ్-ఎ-షాహీ రకం కాయ. బూజు తెగులు వస్తే నాన్న మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మందు కొట్టేవాడు. వారంపాటు ఆయన వేళ్లు నీలంగానే ఉండేవి. బోర్డో అంటే మందు కనిపెట్టినాయన పేరేమో అనుకునేవాడు. అది ఫ్రాన్సులో ఒక ఊరని నాకు ఖోబర్ వచ్చాక తెలిసింది. అప్పటికి నాన్న లేడు.

నాన్న పోయిన మూడేళ్లకు అన్న ఫోన్ చేశాడు.

"బోర్లు ఎండినయ్ రా. వెంచరోళ్లు చుట్టుపక్కల చేన్లన్నీ తీస్కున్నరు. మనదొక్కటి నడుమ మిగిల్తే రేపు దారి గూడ ఇయ్యరు. నువ్వేమంటవ్?"

"నీ ఇష్టం అన్నా," అన్నాను.

పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టి, ఎంబసీ ముద్ర వేయించి పంపాను. ఒక్క పూట పని. ఆ రోజు నాకు పెద్దగా బాధ కూడా కలగలేదు. కొంపల్లిలో కొనబోయే ఫ్లాటుకు తూర్పు వాకిలి దొరుకుతుందా లేదా అని ఆలోచించాను. తర్వాత్తర్వాత తోటను ఎవరో లాక్కున్నట్టు చాలామంది దగ్గర చెప్పుకున్నాను. ఎవరూ లాక్కోలేదు.

ఆ ఫ్రెంచి కుటుంబంలో ఐదో తరం ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటుంది. మార్కెట్టు చూడటానికి వస్తే మూడు రోజులు నా కారులోనే తిప్పాను. రెండో రోజు, సముద్రం పక్క కార్నిష్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు అడిగింది.

"మా ఇంటి కథ రోజుకు ఎన్నిసార్లు చెబుతావు?"

"మూడు నాలుగుసార్లు, మేడమ్."

"విసుగు రాదా?"

ఎందుకన్నానో తెలియదు. "మాకూ ద్రాక్షతోట ఉండేది," అన్నాను.

ఆమె పూర్తిగా నా వైపు తిరిగి కూర్చుంది. ఏ కాయ, ఎంత ఎడం, నీళ్లెలా పెట్టేవారు, అన్నీ అడిగింది. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తామంటే నమ్మలేదు. "మీ తీగలకు నిద్రే ఉండదా?" అంది. మా దగ్గర చలికాలం తీగ నిద్రపోయేంత ఉండదని చెప్పాను. బోర్డో మందు సంగతి చెబితే పగలబడి నవ్వింది. ఐదేళ్లలో ఆ కంపెనీ పని మీద నేను సంతోషంగా మాట్లాడిన గంట అదొక్కటే.

"ఇప్పుడు తోట ఎవరు చూస్తున్నారు?"

"ఎవరూ లేరు. అన్నా నేనూ అమ్మేశాం. ప్లాట్లు పడ్డాయి."

స్పష్టంగానే చెప్పాను. పొరపాటుగా అర్థమయ్యేటంత చెడ్డ ఇంగ్లీషు కాదు నాది. ఆమె ఫొటో ఉందా అని అడిగింది. పందిరి కింద నాన్న నిలబడ్డ ఫొటో ఫోన్‌లో ఉంది, పంపాను. బుక్‌లెట్‌లో వేసుకోవచ్చా అంటే తప్పకుండా అన్నాను. ఇంటికి వచ్చి నా భార్యతో కూడా గొప్పగా చెప్పాను.

నాలుగు నెలలకు కొత్త బుక్‌లెట్ల పెట్టెలు వచ్చాయి. ఆఖరి పేజీలో నాన్న. కింద అరబ్బీలో, ఇంగ్లీషులో నా గురించి నాలుగు వాక్యాలు. అరేబియాలో మా కథ చెప్పే మనిషి కూడా ద్రాక్ష రైతు బిడ్డే అని. చివరి వాక్యం ఇది: ఇండియాలో ఆ తోటను నేటికీ ఆయన అన్న ప్రేమగా సాగు చేస్తున్నారు.

మేనేజరు దగ్గరికి వెళ్లాను. లెబనాన్ మనిషి, మాటకారి.

"ఇది అబద్ధం సార్. తోట లేదు."

"ఎంత బాగుందో చూడు! ఎవరు పోయి చూస్తారు ఇండియాకు?" అని భుజం తట్టాడు.

ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, కంపెనీ చేతిలో ఉన్నవాడు ఒక వాక్యం కోసం ఎంతదూరం కొట్లాడతాడు? ఫ్రెంచి ఆమెకు మెయిల్ రాశాను. మర్నాడే జవాబిచ్చింది. మీ తోటను కనీసం కాగితం మీదైనా మీకు తిరిగి ఇద్దామనుకున్నాం, బాధ పెట్టి ఉంటే క్షమించు అని. క్షమించమంది గానీ మారుస్తానని అనలేదు. ఐదు తరాల నేల కాళ్ల కింద ఉన్నవాళ్లకే అలాంటి దానం చేయడం వస్తుంది. నాకు ఆమె మీద అంత కోపం ఇంకెప్పుడూ రాలేదు.

అన్నకు ఫోన్‌లో చదివి వినిపించాను. ముందు నవ్వాడు.

"ఉండనియ్ రా," అన్నాడు చివరికి. "ఏడనో ఒక్కచోటన్న నేను అమ్మలేదని ఉండనియ్."

అప్పుడు అర్థమైంది, ఆ అమ్మకం బరువు నేను సంతకంతో దింపుకున్నాననీ, అన్న ఒక్కడే మోస్తున్నాడనీ.

మూడు నెలలు ఆ అబద్ధం చెప్పాను. అలవాటైపోయింది కూడా. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఖోబర్‌లో ఒక రెస్టారెంటులో కుటుంబాలకు రుచి చూపించే కార్యక్రమం పెట్టారు. మేనేజరు పక్కనే ఉన్నాడు. ఒక టేబుల్ దగ్గర తెలుగువాళ్లు, విజయవాడ వైపు ఇంజనీరు, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఆఖరి పేజీ చూసి తోట ఎక్కడని అడిగితే చెప్పాను, ఆయన ముఖం వెలిగిపోయింది.

"మేడ్చల్ అవతలా అండీ? మా అత్తగారిల్లు ఆ దారిలోనే, సుచిత్ర సెంటర్ దగ్గర. అక్కడ ద్రాక్షతోటలు ఎప్పుడో పోయాయనుకున్నానే! ఈ సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్తాం. మీ అన్నయ్యగారి నంబరు ఇస్తారా?"

పెద్దమ్మాయి అప్పటికే ఫోన్ తీసింది, నంబరు ఎక్కించుకోవడానికి.

"పోకండి సార్," అన్నాను. "అక్కడేం లేదు. మేమే అమ్మేసినం. కడీలు గూడ పీకేసిండ్రు."

"మరి ఇందులో ఇలా వేశారేంటండీ?" అంది ఆయన భార్య. ఆ గొంతులో కోపం లేదు. ఇంకేం అబద్ధాలున్నాయో అన్నట్టు సీసా వైపు చూసింది. బుక్‌లెట్ మూసి టేబుల్ మీద పెట్టారు. గ్లాసులు ముట్టుకోలేదు.

మేనేజరుకు తెలుగు రాదు, కానీ ముఖాలు చదవడం వచ్చు. ఆదివారం నన్ను దమ్మామ్ గోడౌనుకు మార్చాడు. పెట్టెలు లెక్కపెట్టి దింపించడం, ఎక్కించడం. నా స్థానంలో కేరళ కుర్రవాణ్ని తీసుకున్నారు. మంచివాడు. అతనూ అదే బుక్‌లెట్ పంచుతున్నాడు. మా సహోద్యోగి ఒకాయన తండ్రి అని నాన్న ఫొటో చూపిస్తాడట.

ఈ మధ్య ఒకరోజు అతను ఫోన్ చేశాడు.

"భాయ్, మీ తోట కాయ ఎలా ఉండేదని ఒక కస్టమర్ అడిగాడు. పుల్లగానా, తియ్యగానా?"

నిజానికి నాన్న ఏ ఏడూ పూర్తిగా పండనిచ్చింది లేదు. వాన భయం, లారీవాడి తొందర. మేం తిన్నదంతా పులుపే. ఆ మాట అనబోయేలోపే అతను నవ్వి, "తియ్యగా అనే చెప్పేశాను భాయ్. ఊరికే అడిగాను," అని పెట్టేశాడు.