మామగారి బల్ల మీదికి వెళ్ళిన నా గుర్రం

ఆ రోజుల్లో మనిషి తన తెలివితేటలను ఎంత తొందరగా బయటపెడితే అంత మంచిదని నా నమ్మకం. ఉక్కు కర్మాగారం ఇంకా కడుతున్నారు. నేను కూర్మన్నపాలెంలో గది తీసుకుని, కొత్త ఉద్యోగంలో చేరి, పెళ్ళిచూపులు కూడా ముగించుకుని ఉన్నాను. అమ్మాయి వాళ్ళ నాన్న పోర్టులో గుమాస్తా. అమ్మాయికి నేను నచ్చానట. ఆయన మాత్రం ఏమీ తేల్చలేదు. తేల్చడానికే కాబోలు, ఆదివారం తమ క్లబ్బులో జోడీ చదరంగానికి తన పక్కన కూర్చోమని కబురంపారు.

ఈ జోడీ చదరంగం (ఏదో ఓడ మీద వచ్చినవాళ్ళు నేర్పి పోయారని చెప్పుకునేవారు) రెండు బల్లల మీద నలుగురు ఆడే ఆట. చంపిన పావును పక్కనున్న మన జోడీకి ఇవ్వాలి. అతను దాన్ని తన బల్ల మీద ఖాళీ గడిలో దింపుకుంటాడు. ఇద్దరిలో ఎవరి రాజు చిక్కినా జట్టంతా ఓడినట్టే.

కబురందిన రోజే గదిలో పరిశోధన మొదలుపెట్టాను. మొదటి ఎత్తుల్లోనే శకటును, ఆ వెనకే గుర్రాన్ని బలి ఇచ్చి, ఎదుటి రాజును నడివీధిలోకి లాగెయ్యాలి. నాతో గది పంచుకునేవాడు ఎదురు కూర్చుని ప్రతిసారీ ఓడిపోయాడు. "పావులన్నీ ఇచ్చేత్తన్నావ్ గదా బావా, మరి ఆ పక్కనోడి గతేటి?" అని ఒకసారి అడిగాడు. మాకున్నది ఒకటే బల్ల కాబట్టి ఆ ప్రశ్నను నేను పరిశీలనకు తీసుకోలేదు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ఎదుటి జట్టు వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసే సాయిబులు, అన్నదమ్ములు. నాకు ఎదురుగా తమ్ముడు, కాబోయే మామగారికి ఎదురుగా అన్న. నేను శకటును బలి ఇచ్చాను. తమ్ముడు దాన్ని చంపి, మర్యాదగా అన్న చేతికిచ్చాడు. అన్న దాన్ని మామగారి రాజుకు దగ్గర్లో దింపాడు. గుర్రమూ అదే దారిన వెళ్ళింది. నా ఎదుటి రాజు మాత్రం అనుకున్నట్టే నడిబల్ల మీదికి వచ్చి నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నా బల్ల మీదికి వంగి చూస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏటి బాబూ, నీ సామానంతా నా గుమ్మంలోనే దింపుతన్నావ్?" అన్నారు మెల్లిగా.

ఇంకొక్క ఎత్తు ఓపిక పట్టమని చెప్పి మంత్రిని కూడా ఇచ్చేశాను. అన్నగారు ఆ మంత్రిని రెండు చేతులా అందుకుని, మామగారి రాజు పక్కనే పెట్టాడు. ఆట కట్టు. నా బల్ల మీద నేను గెలవడానికి ఒక్క ఎత్తే మిగిలింది. చూపిద్దామనుకున్నాను గాని, అప్పటికే పావులు పెట్టెలో వేసేస్తున్నారు.

బస్టాపు దాకా ఆయన నాకు నాలుగడుగులు ముందే ఉన్నారు. సంబంధం తప్పిపోయిందని మా అమ్మకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ నడిచాను. బస్సు వచ్చాక నా భుజం మీద చెయ్యి వేశారు.

"మూర్తం పెట్టించమని మీ నాన్నగారితో సెప్పు. పిల్లనిత్తాను. నా పక్క బల్ల కాడ మాత్రం ఇంకెప్పుడూ కూకోకు."

అలాగేనండి అన్నాను. అంత ధీమాగా ఓడిపోయినవాడి మనసులో కపటం ఉండదని ఆయన ఇంట్లో అన్నట్టు పెళ్ళయ్యాక మా ఆవిడ చెప్పింది. (అది పొగడ్తో కాదో ఆవిడా తేల్చలేదు.)

తర్వాత చాలా ఏళ్ళు ఆయన ఎలమంచిలిలో ఉండే రెండో అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆడారు. అతనికి గుర్రం ఎలా నడుస్తుందో కూడా సరిగ్గా తెలియదు. ఒక్క బంటును మాత్రం వదిలేవాడు కాదు. వాళ్ళు హాయిగా గెలుస్తూ ఉండేవారు. నేను వెనక నిలబడి టీలు అందించేవాణ్ణి. ఆ ఆదివారం ఆయన ఇంకొక్క ఎత్తు ఆగి ఉంటే గెలిచేవాళ్ళమనే నా లెక్కను ఆయన ఉన్నంతకాలం ఆయన ముందు పెట్టలేకపోయాను. ఇప్పుడు వినేవాళ్ళు లేక నాకు నేనే చెప్పుకుంటుంటాను. మంత్రిని ఇచ్చేసి, చేతులు కట్టుకుని, మెప్పు కోసం పక్కకు చూస్తున్న ఆ కుర్రవాడికి మాత్రం ఇప్పటికీ ఏ అనుమానమూ లేదు.