నాయిన చెక్కిన కాలువ గట్టు

ఈ పొద్దున ఇటిక్యాల దగ్గర జేసీబీ తవ్వుతుంటే పచ్చి మట్టి వాసన వచ్చింది. కాలువ పనుల దగ్గర గుడిసెల్లో పెరిగిన దోస్తులారా, ఆ వాసన మీకూ గుర్తుండే ఉంటుంది. నన్ను కన్న అవ్వ నెత్తిన మట్టి తట్ట, నాయిన చేతిలో గడ్డపార, చీర ఉయ్యాలలో తమ్ముడు.

నా ఏడో ఏట మేమున్న కాలువ పని దగ్గరికి మట్టి తవ్వే మిషన్ మొదటిసారి వచ్చింది.

"రేపటి సంది మీరు రావొద్దు. మిషినే తవ్వుతది," అన్నాడు మేస్త్రీ.

అవ్వ ఏడుస్తూ గిన్నెలు మూటగట్టింది. నాయిన మాత్రం కాలువలోకి దిగి, తాను సగం చెక్కిన గట్టును సాపు చేయసాగాడు.

"కూలి ఇయ్యరు గద నాయినా, ఎందుకు?" అన్నాను.

"నా చేతి పనిని గిట్ల వంకరగ ఇడ్సిపెట్టి పోబుద్ధయితలేదు బిడ్డా," అన్నాడు తలెత్తకుండా.

పొద్దు వాలేదాకా మూటల మీద కూర్చుని ఆయన కోసం ఎదురుచూశాం.