సాయంత్రం బండి మీద వచ్చే మా బావ

మా బావ కిష్టారెడ్డి గారు లేరన్న వాక్యం రాయడానికి నా చేయి ఇంకా ఒప్పుకోవడం లేదు. పోయిన వారం కళాశాలలో పాఠం చెబుతుండగా మా అమ్మాయి కీర్తన ఫోన్ చేసింది. పెద్దబాపు షెడ్డులో కూలబడ్డాడని, దవాఖానకు తీసుకుపోతున్నామని చెప్పింది. నేను ఇబ్రహీంపట్నం బస్టాండుకు చేరకముందే మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి అవతల ఏడుపు తప్ప మాట లేదు. సాగర్ రోడ్డు పక్కన ఎంతసేపు నిలబడిపోయానో నాకు తెలియదు.

ఆయన నా భర్త రవీందర్‌కు అన్న. వృత్తి సేద్యం. పెద్ద చెరువు కింద మా పొలం చుట్టూ ఒక్కొక్కటే వెంచర్లు లేచి, గట్ల మీద రంగు రాళ్లు పాతుకున్నా ఆయన తన మడి వదలలేదు. ఆ మడి ఒడ్డునే రేకుల షెడ్డు వేసుకొని, శిథిలమైన మోటారుసైకిళ్లకు ప్రాణప్రతిష్ఠ చేసేవారు. అది ఆయనకు వ్యాపారం కాదు, వ్యసనమూ కాదు. తపస్సు అంటే అతిశయోక్తి అనిపించవచ్చు గానీ, ఆ ఏకాగ్రతకు నాకు మరో మాట దొరకదు.

కోస్తా నుంచి వచ్చి కోహెడ దగ్గర స్థిరపడిన వెంకట్రావు గారు ఒకసారి తమ తండ్రి గారి బుల్లెట్‌ను ట్రాలీ ఆటోలో వేసుకొచ్చారు. కొత్త పెళ్లికొడుకులా తయారుచేయమన్నారు. పెట్రోలు ట్యాంకు మీద పెద్ద సొట్ట ఉంది. అదెట్లా పడిందని బావ అడిగారు. చిన్నప్పుడు తనను ముందు కూర్చోబెట్టుకొని నడుపుతూ నాన్నగారు పడ్డారని, తనకు దెబ్బ తగలకుండా బండిని ఆయనే మీదికి లాక్కున్నారని వెంకట్రావు గారు చెప్పారు. బావ ఆ సొట్ట మీద చేయి పెట్టి, "మరి గిది తీసేస్తే మీ నాయిన ఏడుంటడు?" అన్నారు. ఆ బండి నల్లగా నిగనిగలాడుతూ తిరిగి వెళ్లింది, సొట్టతో సహా.

ప్రమాదంలో ఎడమ కాలు పోగొట్టుకున్న కందుకూరు రైతు ఒకాయన తన పాత బండిని అమ్ముకోలేక, నడపలేక గడ్డివాములో దాచుకున్నాడు. బావ ఎడమ కాలితో వేసే గేరును చేతికి మార్చి, పక్కన మరో చక్రం తగిలించి ఇచ్చారు. ఆ రైతు చెరువు కట్ట మీద ఒక చుట్టు తిరిగి వచ్చి, దిగకుండా హ్యాండిల్ మీద తల ఆన్చి ఉండిపోయాడు. బావ అతని వైపు చూడకుండా పానాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఎదుటివారి కన్నీటికి చాటు కల్పించడం ఆయన సంస్కారం.

ఇన్ని బండ్లను బాగుచేయడం ఒక్క బండి దగ్గరికి వెళ్లే ధైర్యం కోసమేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

రవీందర్ కందుకూరు నుంచి వస్తూ లారీ కింద పడి పోయేనాటికి కీర్తన నా కడుపులో ఉంది. నుజ్జయిన ఆయన బుల్లెట్‌ను ఇంటికి తెచ్చి, కొట్టంలో గోనెపట్టాల కింద కప్పిపెట్టారు. అటు వైపు ఎవరమూ చూసేవాళ్లం కాదు. బావ పెళ్లి చేసుకోలేదు. వచ్చిన సంబంధాలన్నిటినీ తిప్పి పంపారు. కీర్తన పెద్దదై బడికి పోతున్న రోజుల్లో ఒకనాడు గోనెపట్టాలు తీసి, ఆ బండిని షెడ్డుకు తోసుకుపోయారు.

అది తయారైన సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను. గేటు ముందు బండి వచ్చి ఆగింది, ఇంజను ఆడుతూనే ఉంది. రవీందర్ బండికి ఒక అవలక్షణం ఉండేది. ఇంజను ఆపకుండా నిలబెట్టినప్పుడు నాలుగు దెబ్బలు సమంగా కొట్టి, ఒకటి తడబడేది. ఆ తడబాటుతో సహా వినిపించింది. అప్పటికే మతిమరుపు కమ్ముకున్న మా అత్తమ్మ సాయమ్మ గోడ పట్టుకొని బయటికి నడిచింది.

"రవీ, గింత ఆల్శమాయెనేంది బిడ్డా?"

బావ బండి మీదే బిగుసుకుపోయారు. తలవంచుకొని, "పని ఉండె అవ్వా" అన్నారు.

నాటి నుంచి ఆయన పొద్దున కిష్టారెడ్డిగా పొలానికి నడిచి వెళ్లి, సాయంత్రం రవీందర్‌గా బండి మీద వచ్చేవారు. అత్తమ్మ చిన్న కొడుకుకు ఎదురుగా కూర్చొని బువ్వ పెట్టేది. తమ్ముడు నవ్వినట్టే నవ్వుతూ ఆయన తినేవారు. వాకిట్లో ఆ నవ్వు వినిపించినప్పుడల్లా నేను వంటింటి తలుపు వేసుకునేదాన్ని. చివరికి ఆగలేక, "బావా, ఆ బండి తియ్యకు. నా పానం పోతున్నది" అన్నాను. ఆయన షెడ్డుకు తాళం వేశారు. అత్తమ్మ గేటు దగ్గర కూర్చొని అన్నం ముట్టడం మానేసింది. ఆమె పెదవులు ఎండిపోతుంటే చూడలేక, తాళంచెవి తెచ్చి మళ్లీ నేనే ఆయన చేతిలో పెట్టాను.

అత్తమ్మ చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నా చేయి పట్టుకుంది. కళ్లు తేటగా ఉన్నాయి. "వాడు పోయిండని నాకు ఎరుక లేదా సుజాతా? వాని మొఖం తుడిచింది నేనే కద. పెద్దోడు గా పూట ఒక్కటే నవ్వుతున్నడు. వద్దంటే వాడేమైపోతడు? నువ్వు చెప్పకు" అంది. ఆ సాయంత్రం బండి చప్పుడు కాగానే మళ్లీ "రవీ" అని పిలిచింది. ఏ పిలుపు తెలిసి పిలిచిందో, ఏది తెలియక పిలిచిందో ఇప్పటికీ నేను తేల్చుకోలేను.

ఆమె దినాలు ముగిసిన మర్నాడు కూడా సందెవేళకు బండి వచ్చింది. పిలిచేవాళ్లు లేరు. ఇంజను ఆపకుండా బావ గేటు ముందు అట్లాగే కూర్చున్నారు. ఎక్కడికి పోవాలో తెలియని మనిషిలా ఉన్నారు. నేను బయటికి వెళ్లాను. ఆ చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు.

"లోపలికి రా బావా. బువ్వ తిందువు."

ఆయన ఇంజను కట్టేశారు. "ఆ దినం కందుకూరు పోవాల్సింది నేను" అన్నారు. ఆ మాటను ఆయన నోట విన్నది అదే మొదలు, అదే తుది. ఆ తర్వాత ఆయన వచ్చినా, తిన్నా కిష్టారెడ్డిగానే. కానీ ఆ తడబాటును మాత్రం సరిచేయలేదు. అది చెదిరినప్పుడల్లా గంటలకొద్దీ చెవి ఒగ్గి, మళ్లీ తెచ్చి నిలిపేవారు.

అత్తమ్మ మాట ఆయనకు చెప్పలేదు. తల్లి కోసం ఆయన, ఆయన కోసం తల్లి మోసిన ఆ భారం గురించి వినడానికి ఇప్పుడు ఇద్దరూ లేరు కనుక, ఇక్కడ చెబుతున్నాను.

కొరివి కీర్తనే పెట్టింది. ఆయన చేతి మీదుగా మళ్లీ రోడ్డెక్కిన బండ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కట్ట కింద బారులు తీరాయి. వెంకట్రావు గారు చివరిదాకా నిలబడి, కీర్తన తల నిమిరి వెళ్లిపోయారు.

నిన్న కీర్తన షెడ్డు ఊడ్చి వచ్చి నా పక్కన కూర్చుంది. "అమ్మా, నాయిన బండి సప్పుడు నిజంగ గట్లనే ఉండెనా?" అని అడిగింది. తండ్రిని చూడని పిల్ల. ఆమెకు తండ్రి అంటే ఆ చప్పుడే.

జవాబు కోసం నా చెవుల్లో వెతుక్కున్నాను. నా పెళ్లినాటి సాయంత్రాలు, నన్ను వెనక కూర్చోబెట్టుకొని రవీందర్ నడిపిన దారులు అన్నీ గుర్తొచ్చాయి. వాటన్నిటిలోనూ వినిపిస్తున్నది బావ తెచ్చి నిలిపిన చప్పుడే. అసలుది ఎప్పుడు చెరిగిపోయిందో నాకు తెలియదు. నా భర్తను ఇన్నేళ్లు నా దగ్గర ఉంచిన మనిషి వెళ్లిపోయాడు. ఆ అన్నదమ్ములిద్దరికీ కలిపి ఈ నమస్కారం.

"గట్లనే ఉండె బిడ్డా" అన్నాను.